నాగమ్మకు పెట్టిన కళ్లు

దయ్యాలు, గాలి సోకడాలు, చేతబడులు, వీటిలో దేన్నీ నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, నమ్మేవాళ్లను ఏడిపించడం నాకు సరదా. మా ఆడబిడ్డ మిట్టమధ్యాహ్నం పిల్లను బయటికి పంపనంటే, "మన పత్తికొండ ఎండకు దయ్యాలు కూడా నీడపట్టునే ఉంటాయిలే వదినా" అనేదాన్ని. కడపలో కంప్యూటర్స్‌తో డిగ్రీ చదివాను. ఏది జరిగినా దానికో కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది అనే మొండిదాన్ని. ఈ విషయంలోనూ అలాగే వెతికాను. ఆ వెతుకులాటలో మా అమ్మను ఎంత హింస పెట్టానో తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

మా ఆయనకు పత్తికొండలో, టమోటా మార్కెట్టుకు పోయే దారిలో ఫోటో స్టూడియో ఉండేది. ఫోటోలు తీయడం ఆయన పని. కంప్యూటర్ ముందు కూర్చుని వాటిని చక్కదిద్దడం నా పని. రెండు వేల ఆరు, ఏడు ఆ ప్రాంతంలో మాట ఇది. రీళ్లు పోయి డిజిటల్ కెమెరా వచ్చింది. ఫోటోలన్నీ తపాలా బిళ్లంత మెమరీ కార్డులో పడేవి.

అప్పట్లో పల్లెల్లో చాలామంది ముసలివాళ్లు బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగేవాళ్లు కాదు. పోయాక, ఎత్తుకుపోయే ముందు, గోడకు ఆనించి కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, దండ వేసి, అప్పుడు ఫోటోగ్రాఫర్‌ను పిలిపించేవాళ్లు. ఆ ఫోటోలో కళ్లు మూసుకుని ఉంటాయి కదా. ఇంట్లో గోడకు తగిలించాలంటే కళ్లు తెరిచి ఉండాలి. ఆ కళ్లు తెరిపించేది నేను. బతికున్నవాళ్ల ఫోటోలోంచి కళ్లు కత్తిరించి, పోయినవాళ్ల ముఖంలో పెట్టి, అంచులు కలిపేసి, వెలుగునీడలు సరిచేసేదాన్ని. "కండ్లు తెరిపించియ్యక్కా" అని ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లు.

మా ఆయనకు పని నేర్పిన పెద్దాయన ఈ విషయంలో రెండు మాటలు గట్టిగా చెప్పాడు. చావు ఫోటోలను మిగతా ఫోటోలతో కలపకూడదు, వాటికి వేరే రీలు పెట్టుకోవాలి. కళ్లు పెట్టేటప్పుడు రక్తసంబంధం ఉన్నవాళ్లవే పెట్టాలి, అదీ వాళ్లను అడిగే పెట్టాలి. మొదటిది ఉత్త చాదస్తం అనుకున్నాను, మా ఆయన మాత్రం చావు ఫోటోలకు వేరే కార్డు పెట్టుకున్నాడు. రెండోది పోలిక కుదరడం కోసం అనుకున్నాను.

ఈరన్న అనే అతను పక్క పల్లె నుంచి వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. వాళ్లమ్మ నాగమ్మ పోయింది. భార్యా పిల్లలు మిరపకాయలు కోసే పనికి గుంటూరు వైపు వలస పోయారు. ఇంట్లో తల్లీ కొడుకు ఇద్దరే ఉండేవాళ్లు. మా ఆయన వెళ్లి ఫోటోలు తీసుకొచ్చాడు. చావు ఫోటోల కార్డు ఆ రోజు ఇంట్లో మరిచిపోయి, స్టూడియోలో వాడే కార్డుతోనే తీశాడు.

రివాజు ప్రకారం ఈరన్న కళ్లను దగ్గరగా ఫోటో తీశాం. ఏడ్చి ఏడ్చి ఎర్రబడి, రెప్పలు ఉబ్బి ఉన్నాయి. అవి పెట్టి చూస్తే ముసలామె జబ్బు మనిషిలా కనిపించింది. దినం దగ్గర పడింది, ఆ లోపల ఫోటో ఇవ్వాలి. అదే కార్డులో మా అమ్మ ఫోటో ఒకటి కనిపించింది. అంతకు నెల ముందు అమ్మ కడప నుంచి మా ఇంటికి వచ్చినప్పుడు, బ్యాంకు పుస్తకానికి కావాలంటే తీసిన ఫోటో అది. వయసు అటూ ఇటూగా నాగమ్మదే. వెలుగు కూడా అదే పక్క నుంచి పడింది. అమ్మ కళ్లు తీసి పెట్టాను. పెట్టిన మరుక్షణం ముసలామె బతికొచ్చినట్టు నా వైపు చూసింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను తప్ప, అమ్మను ఒక మాట అడగాలని నాకు తోచనే లేదు.

తయారైన ఫోటోను అదే కార్డులోకి ఎక్కించి కర్నూలు ల్యాబుకు పంపి, పెద్ద సైజు వేయించి, ఫ్రేము కట్టించి ఇచ్చాం. ఈరన్న చాలాసేపు చూశాడు. "మాయమ్మ ఇంత సల్లంగా నన్ను ఎప్పుడూ సూళ్లేదక్కా" అని కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

తర్వాత వారం పదిరోజులకు మా కంప్యూటర్ మొండికేసింది. పని చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి ఆగిపోయేది. మౌస్ కదలదు, కీబోర్డు పలకదు, తెర మీద ఏముంటే అది అలాగే నిలిచిపోతుంది. మూలనున్న గడియారం కూడా ఆ నిమిషం దగ్గరే ఆగుతుంది. స్విచ్చి ఆపి వేస్తే తప్ప దారికి రాదు.

వారానికోసారి కర్నూలు నుంచి వచ్చే కరీం భాయ్ అనే మెకానిక్ చూశాడు. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెట్టాడు. ఫ్యాను దుమ్ము దులిపాడు. కరెంటు ఇచ్చే డబ్బా మార్చాడు. చివరికి విండోస్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాడు. ఏం చేసినా లోపం ర్యాములోనే ఉందంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. వెళ్తూ వెళ్తూ, "ఎప్పుడెప్పుడు ఆగిపోతాందో టైము రాసిపెట్టక్కా, మళ్లొచ్చినప్పుడు సూస్తా" అన్నాడు. ఆగిపోయిన తెర మీద టైము ఎలాగూ కనపడుతుంది కాబట్టి, ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాయడం మొదలుపెట్టాను.

ఆ రోజుల్లోనే కడప నుంచి అమ్మ ఫోను చేసింది. అమ్మ మా తమ్ముడి దగ్గర ఉండేది. "మే సరళా, నా కండ్లకు ఏందో అయితాందే. ముందర ఏముంటే అదే నిలబడిపోతాది. తల తిప్పినా అదే, కండ్లు మూసినా అదే. కొంచేపుండి ఇడుస్తాది" అంది. నేను వయసు అన్నాను, షుగర్ అన్నాను, డాక్టరుకు చూపించమన్నాను. తమ్ముడు తీసుకుపోయాడు. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, కళ్లలో ఏ లోపమూ లేదన్నాడు. ఎప్పుడెప్పుడు వస్తోందో రాసిపెట్టండి, చూద్దాం అన్నాడట. అమ్మ కేక వేసినప్పుడల్లా మా మరదలు సుజాత గోడ గడియారం చూసి, క్యాలెండరు మీద ఆ తేదీ పక్కన టైము రాసేది.

ఇవి రెండూ కలిసే సంగతులని కలలో కూడా నాకు అనుమానం రాలేదు.

ఒక శనివారం నేనే పట్టుదలగా కూర్చున్నాను. కంప్యూటరుకు తగిలించినవన్నీ ఒక్కొక్కటే పీకేస్తూ పోయాను. ప్రింటరు తీశాను, అయినా ఆగింది. స్కానరు తీశాను, అయినా ఆగింది. చివరికి మిగిలింది కార్డు రీడరు. మా ఆయన బద్ధకం వల్ల అందులో ఆ మెమరీ కార్డు ఎప్పుడూ ఉండిపోయేది. కార్డు బయటికి లాగాను. గంటసేపు పని చేసినా ఆగలేదు. కార్డు పెట్టి తెరిచాను. టక్కున ఆగింది. కార్డు చెడిపోయింది, కంప్యూటర్ దాన్ని చదవబోయి జవాబు రాక అక్కడే నిలబడిపోతోంది. కొండను తవ్వి ఎలుకను పట్టాను అనుకుని నవ్వుకున్నాను.

ఒక్కసారితో నమ్మే రకం కాదు నేను. పెట్టి చూశాను, తీసి చూశాను, మళ్లీ పెట్టి చూశాను. పొద్దున పదింటి నుంచి రెండు దాకా పన్నెండు సార్లు. మధ్యలో ఒకసారి ఆగిపోయిన కంప్యూటర్‌ను అలాగే వదిలేసి ఇంటికి పోయి అన్నం తిని వచ్చాను. అన్నీ బుద్ధిగా నోటుబుక్కులో రాశాను. చివరిది ఒంటిగంట యాభై రెండు నిమిషాలకు.

సాయంత్రం తమ్ముడు ఫోను చేశాడు. అమ్మ మెట్ల మీద పడి మణికట్టు విరిగిందన్నాడు.

మరుసటి పొద్దునే బస్సెక్కి కడప పోయాను. చేతికి కట్టుతో అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. "నిన్నంతా వస్తానే ఉండాది వదినా" అంది సుజాత, "ఒకసారైతే అరగంట ఇడవలేదు. నేను టైము రాస్తామని లోపలికి పోయినా, అంతలోకే అత్త బిందె పట్టుకుని మెట్లు దిగింది." గోడ మీది క్యాలెండరు చూపించింది. శనివారం గడిలో చోటు చాలక అంచుల మీద కూడా రాసింది. ఊరికే లెక్కపెట్టాను. పన్నెండు. చివరిది ఒంటిగంట యాభై అయిదు.

బ్యాగులో నోటుబుక్కు ఉంది. తీసి పక్కన పెట్టి చూశాను. మొదటి వరుస మూడు నిమిషాలు తేడా. రెండోదీ మూడు నిమిషాలే. అన్నీ మూడేసి నిమిషాలు తేడా. నా సెల్‌ఫోను తీసి గోడ గడియారంతో సరిపోల్చాను. గోడ గడియారం మూడు నిమిషాలు ముందుంది.

అంతకుముందు వారాలవి కూడా చూశాను. సుజాత ఇంట్లో లేనప్పటివి తప్ప ఒక్కటీ తప్పలేదు. ఆ గదిలో నిలబడలేక పెరట్లోకి పోయి కొళాయి కింద తల పెట్టాను. పన్నెండు సార్లు నా చేత్తో, నవ్వుకుంటూ, మా అమ్మ చూపును ఆపేశాను. నేను అన్నం తింటున్నంతసేపూ ఆమె కదలని ఒకే దృశ్యాన్ని చూస్తూ కూర్చుంది.

ఆ మధ్యాహ్నం అమ్మ ఇంకో మాట చెప్పింది. మొదట్లో ఎదురుగా ఉన్నదే నిలిచిపోయేదట. ఇప్పుడు వేరే ఏదో ఇల్లు కనపడుతోందట. "ఎవురి ఇల్లో మే అది. ఒక మగోడు కింద కూసోని అన్నం తింటాంటాడు. తింటా తింటా నా మొగం తిక్కు సూస్తాంటాడు. ఆడ నీళ్ల డ్రమ్ము ఉండాది, నీలంది. తారేసి అతికించిండారు దానికి. పైన సైకిలు చక్రం తగిలిచ్చిండారు." పిచ్చి పట్టిందంటారని సుజాతకు కూడా చెప్పలేదంది.

పత్తికొండకు తిరిగొచ్చి మా ఆయనకు రెండూ చూపించాను. నోటుబుక్కు, సుజాతను అడిగి చించుకొచ్చిన క్యాలెండరు కాగితాలు. "అనుమానం పెనుభూతం సరళా. నన్ను ఎగతాళి చేసేదానివి, నీకే పట్టిందా?" అని నవ్వాడు. చెడిపోయిన కార్డే కదా, ఫార్మాట్ కొట్టేస్తే పీడ పోతుందని రీడర్లో పెట్టబోయాడు. నేను అరిచిన అరుపుకు పక్క కొట్టువాళ్లు తొంగిచూశారు. కార్డు వల్ల తెర ఆగితే అమ్మ చూపు ఆగుతోంది. కార్డును తుడిచేస్తే ఏమవుతుంది? ఎవరిని అడగాలి? ఏ మెకానిక్‌ను, ఏ డాక్టరును?

ఆయన నమ్మలేదు. చివరికి ఫోనులో అమ్మే అంది: "నేను మంచం మీదనే కూసోనుంటా గదా. పెట్టి సూడమను అల్లున్ని. ఒకసారికి ఏం కాదు."

సుజాత అమ్మ చెవి దగ్గర ఫోను పట్టుకుంది. ఇక్కడ మా ఆయన కార్డు పెట్టాడు. ఎప్పుడు పెడుతున్నామో చెప్పలేదు. తెర ఆగింది. ఫోనులో అమ్మ గొంతు వచ్చింది.

"వచ్చింది మే. ఆ ఇల్లే. వాడు ల్యాడు ఇప్పుడు. తలుపు దగ్గరికేసుండాది. దండెం మీద పసుప్పచ్చ చీర ఉండాది. నా కండ్ల కింద ఏందో అడ్డమొస్తాండాదే. పూలు. బంతిపూలు ఎండిపోయిండాయి. ఈ పక్క ఎర్ర బల్బు ఎలుగుతాండాది."

మా ఆయన కార్డు లాగేశాడు, స్విచ్చి కూడా ఆపేశాడు. దండ వేసి, పక్కన ఎర్ర బల్బు పెట్టి, గోడకు తగిలించేది ఎవరినో మాకు తెలియని విషయం కాదు. ఆయన ఆ రోజు అన్నం తినలేదు.

మరునాడు పదకొండింటికి బండి మీద ఈరన్న ఊరికి పోయాం. ఇంటి ముందర వేరుశనగ బుడ్డల కట్టె ఎండబెట్టి ఉంది. మమ్మల్ని చూసి ఈరన్న సంతోషంగా లోపలికి పిలిచాడు. ఎదురు గోడ మీద నాగమ్మ ఫోటో ఉంది. ఎండిన బంతిపూల దండ, పక్కన ఎర్ర బల్బు. నేను ఆ ఫోటో వైపు చూడలేకపోయాను. దానికి వీపు పెట్టి, గోడకు ఆనుకుని నిలబడి, అది చూసే వైపు చూశాను.

నీలం డ్రమ్ము. దాని నడుం మీద నల్లగా తారు అతుకు. పైన మేకుకు సైకిలు చక్రం. దండెం మీద పసుపుపచ్చ చీర. మా అమ్మ ఏనాడూ ఆ ఊరు చూడలేదు. ఆ ఊరి పేరు కూడా ఆమెకు తెలియదు. నాకు కళ్లు తిరిగి అక్కడే కూలబడ్డాను. ఈరన్న పరుగున పోయి ఆ డ్రమ్ములోంచే చెంబుతో నీళ్లు ముంచి ఇచ్చాడు. తాగలేకపోయాను.

ఫోటోలో చిన్న తప్పు ఉంది, తీసుకుపోయి సరిచేసి ఇస్తామని మా ఆయన అన్నాడు. ఈరన్న ముఖం మాడిపోయింది. "తప్పేముండాదన్నా? వద్దు, ఇట్లనే ఉండనీ" అన్నాడు. కళ్లు మార్చాలన్నాను. అతను నా వైపు తిరిగాడు.

"పానం పోయినంక నా చేత్తోనే మూసినా అక్కా ఆ కండ్లు. దినాలప్పుడు మీరు తెరిపించిస్తిరి. ఇంట్లో ఒక్కన్నే ఉంటా. రోజూ ఆయమ్మ ముందర్నే కూసోని తింటాండా. మళ్లా మూయమంటావా?"

ఇంక దాచలేకపోయాను. అంతా చెప్పేశాను. ఆ కళ్లు మా అమ్మవని, అడగకుండా పెట్టానని, అమ్మకు ఏం జరుగుతోందో, చెయ్యి ఎలా విరిగిందో. నవ్వుతాడనుకున్నాను, లేదా తిడతాడనుకున్నాను. ఈరన్న లేచి, దండ తీసి, ఫోటోను గోడ మీంచి దించి, బోర్లా పట్టుకుని నా చేతికిచ్చాడు.

"మీ యమ్మ బతికుండాది గదక్కా. బతికినామె కండ్లు నాకెందుకు? నావి తీసుకో. ఇప్పుడు ఏడుపు రాదులే" అన్నాడు.

అతన్ని బండి మీద ఎక్కించుకునే వచ్చాం. వేరే కెమెరాలో, కొత్త కార్డుతో అతని కళ్లు ఫోటో తీశాం. నాగమ్మ ముఖం కంప్యూటర్లో దాచి ఉంది కాబట్టి ఆ పాత కార్డు జోలికి పోవాల్సిన అవసరం రాలేదు. ఈసారి కళ్లు పెడుతున్నంతసేపూ అతన్ని పక్కనే కూర్చోబెట్టుకుని, పెట్టమంటావా అని రెండుసార్లు అడిగాను. పెట్టమన్నాడు. ఆ కొత్త ఫోటోకు ఫ్రేము కట్టించి ఇచ్చాం.

అమ్మ కళ్లున్న ఫోటో గోడ మీంచి దిగిన రోజు నుంచి మా అమ్మకు చూపు ఆగలేదు. ఒక్కసారి కూడా. ఇప్పుడు కళ్లజోడు లేకుండా పంచాంగం చదువుతుంది. కడపలో డాక్టరు షుగర్ తగ్గింది, అందుకే బాగైంది అన్నాడు. ఆ మాటే నిజం కావాలని నాకూ ఉంది. కాని మూడు నిమిషాల తేడాకు, తారు అతుకుకు షుగరు ఏం జవాబు చెబుతుంది? ఆ కార్డును నేను ఫార్మాట్ చేయలేదు, విరవలేదు. దూదిలో చుట్టి బీరువాలో పెట్టాను. అమ్మ ఉన్నంతకాలం దాన్ని ఎవరినీ తాకనివ్వను.

నాలుగైదు నెలలకు ఈరన్న టమోటా గంపలతో మార్కెట్టుకు వచ్చి, స్టూడియోలోకి తొంగిచూశాడు. ఫోటో ఎలా ఉందని అడిగాను. బాగుందన్నాడు. పోబోయి ఆగాడు.

"ఒక మాట చెప్తా, నవ్వగాకక్కా. అన్నం తినేటప్పుడు ఒక్కోసారి నేను నాకే కనపడతాండా. పైనుంచి. నడినెత్తిన ఎంటికలు పల్చబడింది గూడా కనపడతాది."

భయం వేయడం లేదా, కావాలంటే ఆ కళ్లు తీసేసి ఇంకేమైనా పెట్టిస్తాను అన్నాను.

"భయమెందుకక్కా? మాయమ్మ నన్నెట్ల సూస్తాండాదో అట్లనే గదా నేను సూస్తాండేది. శానా బక్కపడినా నేను. అది సూసినప్పుట్నుంచి ఇంగో రెండు ముద్దలు ఎక్కువ తింటాండా" అన్నాడు. తీయొద్దని చెప్పి, గంపలు దించాలని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కళ్లు తెరిపించమని ఎవరొచ్చినా ఆ పని మానేశానని చెప్పి పంపేశాను. ఇదంతా ఎలా జరిగిందో నాకు తెలియదు. చదివిన చదువులో వెతికాను, అడగగలిగినవాళ్లను అడిగాను. ఆ రోజు ఈరన్న చెప్పింది విని అతను ఉన్నంతసేపూ భయపడ్డాను. అతను వెళ్లాక షట్టరు సగం దించి, లోపల కూర్చుని ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో కూడా ఇప్పటికీ చెప్పలేను.